మూడు ఖాళీ గీతలు

ఆ వానాకాలం మా ఊళ్ళో పేదవాళ్ళెవరో తేల్చే పని నా చేతికి వచ్చింది.

నా ఒక్కదాని చేతికే కాదు, ఐదుగురికి. బౌద్ధ విహారం మండపంలో ఊరంతా చాపల మీద కూర్చుని చేతులెత్తి మమ్మల్ని ఎన్నుకుంది. నా పేరు ముందుకు తెచ్చింది ఊరిపెద్ద మెంగ్. సారెనక్క మొగుడు పోయాక యాభై ఆరో ఏట అక్షరాలు దిద్దిందనీ, పొద్దస్తమానం ఉయ్యాలల్లో ఊగే మగవాళ్ళకంటే ఆవిడే నయమనీ అన్నాడు. మగవాళ్ళు కూడా నవ్వారు. ఖొమ్ రెండు చేతులూ ఎత్తింది. మనిషికి ఒక చెయ్యేనని ఎవరో అంటే, "రెండోది మా అమ్మాయిది. కడుపుతో ఉంది, మెట్లు దిగలేక నాకిచ్చి పంపింది," అంది.

ఖొమ్ ఇల్లు మా ఇంటికి మూడో ఇల్లు. వయసులో ఉన్నప్పటినుంచీ ఒకే వరుసలో నాట్లు వేసినవాళ్ళం, ఒకే వరుసలో కోతలు కోసినవాళ్ళం. మా ఆయన పోయినప్పుడు చావు రాయించడానికి వెళితే ఆఫీసులో గుమస్తా నా బొటనవేలు తన చేత్తో పట్టుకుని, సిరాలో అద్ది, చంటిపిల్ల వేలు నొక్కినట్టు కాగితం మీద నొక్కాడు. ఆ నీలం మరక పోకముందే నేను విహారంలో ఆడవాళ్ళకు పెట్టిన మధ్యాహ్నం బడికి వెళ్ళడం మొదలుపెట్టాను. ఖొమ్ తోడుగా నాలుగు రోజులు వచ్చింది. అయిదో రోజు, "ఆ అక్షరాలు చూస్తుంటే మడిలో పీతలు పాకుతున్నట్టుందే. నువ్వు నేర్చుకో. నాకు కావాలంటే నువ్వున్నావుగా," అని మానేసింది.

ఎన్నుకున్న ఐదుగురికీ, చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కలిపి ఉన్న కమ్యూన్ ఆఫీసులో రెండు రోజులు పని నేర్పారు. నేర్పడానికి జిల్లా నుంచి పిసై అనే అమ్మాయి వచ్చింది. నా చిన్న కూతురి వయసుంటుంది. ఆమె పంచిన కాగితం అడుగున మా దేశం జెండా, దాని పక్కన ఇంకో నాలుగు దేశాల జెండాలు గోటంతేసి అచ్చువేసి ఉన్నాయి. ఆ దేశాలవాళ్ళు మా ప్రభుత్వంతో కలిసి కూర్చుని ఈ పద్ధతి తయారు చేశారట. ఇదివరకు ఏ సాయం వచ్చినా ఊరిపెద్దల చుట్టాల గడప దాటేది కాదు. ఇకమీదట ఎవరికి రావాలో ఊరే తేలుస్తుంది. తేలిన ఇంటికి కార్డు ఇస్తారు. కార్డు ఉంటే పెద్దాసుపత్రిలో డబ్బు అడగరు, అక్కడికి వెళ్ళే బండికి, తోడున్నవాళ్ళ తిండికి కూడా వాళ్ళే ఇస్తారు.

కాగితంలో ప్రశ్నలు కష్టమైనవి కావు. ఇంటి కప్పు దేనితో, గోడలు దేనితో, భూమి ఎంత, ఎడ్లు ఉన్నాయా, మోటారు సైకిలు ఉందా. జవాబుకు ఎదురుగా ఉన్న గడిలో టిక్కు పెడితే దానికో అంకె. అంకెలన్నీ కలిపితే ఇల్లు తేలిపోతుంది. అన్నిటికంటే కింద మూడు గీతలు ఖాళీగా ఉన్నాయి. పిసై వాటి మీద వేలు పెట్టి చెప్పింది.

"పెద్దమ్మా, మీరంతా ఇది బాగా వినండి. ఈ కాగితం తయారు చేసినవాళ్ళు మీ ఊరు చూడలేదు. మీకు తెలిసింది వాళ్ళకు తెలియదు. గడుల్లో పట్టని సంగతి ఏదన్నా ఉంటే ఈ మూడు గీతల్లో రాయండి. అది చదివి మీరే ఆ ఇంటి అంకె మార్చొచ్చు."

ఆ మాట నేను ముందు వరుసలో కూర్చుని విన్నాను. తెలియక చేశానని చెప్పుకోవడానికి లేదు.

ఇద్దరిద్దరుగా ఇళ్ళకు వెళ్ళాం. నాకు జత రెత్. పట్నంలో బట్టల ఫ్యాక్టరీలో లెక్కలు రాసి ఆ ఏడే ఊరికి తిరిగివచ్చిన పాతికేళ్ళవాడు. ముత్యాల్లాంటి చేతిరాత. అతను అడగాలి, నేను రాయాలి. మొదటి ఇల్లు చూపులేని ఫాన్ తాతది. టిక్కులు చకచకా పెట్టేశాను. మూడు గీతల దగ్గరకు వచ్చాక, ఆయనకు చూపు లేదనీ కొడుకు ఏమీ పంపడనీ రాయాలని కలం ఆనించాను.

చదవడం వేరు, రాయడం వేరు. బళ్ళో పంతులమ్మ రాసింది చూసి దిద్దడం వేరు, నలుగురూ చుట్టూ నిలబడి చూస్తుంటే మనసులో మాటను కాగితం మీదికి దించడం వేరు. ఒక మాట రాశాను. రెండో మాట సగంలో ఆగిపోయింది. చెయ్యి చెమటపట్టి కాగితం తడిసింది. ఎంతసేపు అయిందో తెలియదు, ఫాన్ తాత తల అటూ ఇటూ తిప్పి చెవి రిక్కించి, "వెళ్ళిపోయారా?" అని అడిగాడు.

అక్కడున్నవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. రెత్ నవ్వు ఆపుకుంటూ, పొద్దుగూకేలోగా ఇంకో మూడిళ్ళు చూడాలి ఇటివ్వండి పెద్దమ్మా అని కాగితం తీసుకుని, నేను రాసినదాన్ని అడ్డంగా కొట్టేసి, మూడు గీతలూ రెండు నిమిషాల్లో నింపేశాడు. ఆ సాయంత్రానికి ఫాన్ తాత మాట ఊరంతా తిరిగింది. చెరువు దగ్గర నేను నీళ్ళు ముంచుకుంటుంటే, అవతలి గట్టు నుంచి ఎవరో, "వెళ్ళిపోయారా?" అని అరిచారు.

మర్నాటినుంచి మూడు గీతల జోలికి పోలేదు. ఏమైనా రాయాలా అని రెత్ అడిగితే, విశేషమేమీ లేదనేదాన్ని. చాలా ఇళ్ళలో నిజంగానే ఉండేది కాదు.

ఖొమ్ ఇంటికి వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. స్తంభాల మీద నిలబడిన ఇల్లు. దాని కింద నీడలో చాప పరిచింది. ఆమె కూతురు కుంథియా ఉయ్యాల్లో పక్కకు తిరిగి పడుకుని ఉంది. రెత్ మెడ ఎత్తి చూశాడు. కప్పు ఎండకు తళతళలాడుతోంది.

"రేకు," అన్నాడు.

రేకు గడిలో టిక్కు పెట్టాను. ఆ ఒక్క టిక్కుతో, కాగితం లెక్కలో ఖొమ్ పేదరికంలోంచి సగం గట్టెక్కిపోయినట్టే. రెండేళ్ళ కిందట వరదలో ఇళ్ళు పోయినవాళ్ళకు, ఎక్కడో చలిదేశం నుంచి వచ్చిన సంస్థవాళ్ళు ఇంటికి పద్దెనిమిదేసి రేకులు పంచారు. ఖొమ్ రేకులు నేనూ తనూ కలిసి మా ఎడ్లబండి మీదే తెచ్చాం. దారి పొడుగునా అవి దడదడలాడుతుంటే ఖొమ్ వాటిమీద బోర్లా పడుకుని రెండు చేతులా పట్టుకుంది. ఆ రేకుల కింద ఉన్నవి వెదురు తడికలే. ఒక దేశం జాలిపడి ఇచ్చిన కప్పు, మిగతా దేశాల కాగితంలో ఆమెను ఉన్నవాళ్ళ వరుసలో కూర్చోబెడుతోంది. గడుల్లో పట్టని సంగతంటే ఇదే.

ఖొమ్ అన్నీ దాచకుండా చెప్పింది. కుంథియాకు మొదటి కాన్పు కడుపు కోసి తీశారు, బిడ్డ దక్కలేదు. ఈసారి నొప్పులు రాకముందే పెద్దాసుపత్రిలో చేర్చాలని నర్సు మరీ మరీ చెప్పింది. అల్లుడు సరిహద్దు దాటి థాయిలాండులో ఇళ్ళు కట్టే పనికి వెళ్ళి ఆరు నెలలు, ఉలుకూ పలుకూ లేదు. కార్డు వస్తే చాలు, ఇంకేమీ వద్దు.

"ఆ రేకుల సంగతీ మా సంగతీ సారెన్‌కు తెలుసులే బాబూ. అది రాసుకుంటుంది," అని రెత్‌తో చెప్పి, మాకోసం ఉడికించిన మొక్కజొన్న పొత్తులు తేవడానికి లేచింది.

రెత్ నావైపు తిరిగాడు. "రాయాల్సిందేమన్నా ఉందా పెద్దమ్మా?"

ఉంది. చేతిలో కలం ఉంది, మూడు గీతలున్నాయి. మెట్ల దగ్గర ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ముగ్గురు నా చేతివైపే చూస్తున్నారు. వాళ్ళలో ఒకావిడ అప్పుడే పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంటోంది. నేను రాయడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతానో నాకు తెలుసు. రెత్‌ను రాయమనొచ్చు. అంటే, చదువొచ్చని ఎన్నుకున్న మనిషికి రెండు మాటలు రాయడం రాదని నా నోటితోనే చెప్పాలి.

"విశేషమేమీ లేదు," అన్నాను.

రెత్ కాగితం అందుకున్నాడు. రేకులెక్కడివో అతనికి తెలియదు, నాకు తెలుసని విన్నాడు. పెద్దదాన్నని మళ్ళీ అడగలేదు. ఖొమ్ పొత్తులు తెచ్చి, అందులో పెద్దది ఏరి నాకిచ్చింది. అక్కడే కూర్చుని మొత్తం తిన్నాను.

ప్చుమ్ బెన్ పండుగ రోజుల్లో జాబితాను విహారం గోడకు అంటించారు. వారంలోగా ఎవరికైనా అభ్యంతరముంటే మెంగ్‌కు చెప్పాలి. పండుగ పదిహేను రోజులూ ఊరు ఊరంతా విహారంలోనే ఉంటుంది. పోయినవాళ్ళు ఆకలితో తిరిగివస్తారని అన్నం పెడతాం. మనవాళ్ళకే కాదు, పెట్టే దిక్కులేనివాళ్ళకు కూడా పేరు పెట్టకుండా ముద్దలు పెడతాం. భిక్షువుల భోజనం అయ్యాక ఖొమ్ నా కండువా పట్టుకుని గోడ దగ్గరకు లాక్కుపోయింది.

"నా పేరు ఎక్కడుందో చూపించవే. వేలు పెట్టి చూస్తాను. అచ్చులో నా పేరెట్లా ఉంటదో ఎప్పుడూ చూళ్ళేదు."

జాబితా వైపు చూశాను. నిజానికి చూడాల్సిన పని లేదు.

"ఇది ముందు జాబితానే. ఇంకా సరిచేస్తారు," అన్నాను.

అబద్ధం కాదు. అందుకే నోట్లోంచి అంత తేలిగ్గా వచ్చింది.

"అయితే అప్పుడే చూస్తాలే," అని ఖొమ్ ఊరికే ఒక పేరు మీద వేలు పెట్టి అదెవరిదని అడిగింది. ఫాన్ తాతదన్నాను. "పోన్లే పాపం, ముసలాయనకు రావాల్సిందే," అంది. అరటాకులో చుట్టిన జిగురన్నం పొట్లం ఒకటి నా చేతిలో పెట్టి వెళ్ళింది.

ఆ వారం గడువులో ఆరో రోజు మెంగ్ ఇంటికి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. ఆయన ఉయ్యాల్లోంచి లేచి కూర్చుని, మన ఊరి జాబితా భేషుగ్గా కుదిరిందని జిల్లాలో అనుకుంటున్నారనీ, చూడ్డానికి ఆ జెండాల దేశాల్లో ఒక దేశం నుంచి ఒకావిడ వస్తోందనీ, ఆవిడకు నా గురించి చెప్పామనీ అన్నాడు. నేను ఆయన బాతులకు తెగులు తగిలిందా అని అడిగాను. మావి రెండు చచ్చాయన్నాను. బాతుల తెగులు గురించి ఆయనకు చాలా తెలుసు. అంతా విని ఇంటికి వచ్చాను.

వానలు తగ్గుముఖం పట్టాక ఆ విదేశీ ఆవిడ వచ్చింది. పొడవాటి మనిషి, తల నెరిసింది. మండపం మెట్ల దగ్గర చెప్పులు విడిచి, మాలాగే కాళ్ళు పక్కకు మడిచి కూర్చోవడానికి తంటాలు పడుతుంటే ఆడవాళ్ళంతా ముచ్చటపడ్డారు. పక్కన పిసై కూర్చుని ఆవిడ మాటలు మాకు, మా మాటలు ఆవిడకు చెబుతోంది. ఊరంతా వచ్చింది. ఖొమ్ వెనకాల మంచినీళ్ళ జాడీ పక్కన కూర్చుని వక్కాకు నములుతోంది.

ముసలితనంలో చదువు నేర్చిన మనిషిని నేనేనని చెప్పి, తుది జాబితా నన్నే పైకి చదవమన్నారు.

చదివాను. నలభై ఒక్క పేర్లు. నన్నే చదవమంటారని మెంగ్ ముందే చెప్పడంతో రెండు వారాలుగా ఇంట్లో గట్టిగా చదువుకుంటూనే ఉన్నాను. ఎక్కడా తడబడలేదు, ఎక్కడా వేలు పెట్టుకోలేదు. చదువుతున్నంతసేపూ నాకు ఒళ్ళంతా తేలికగా ఉంది. నిజం చెప్పాలి కదా, ఆ కాసేపూ ఖొమ్ గుర్తుకే రాలేదు. చివరి పేరు చదివి తలెత్తాను. చప్పట్లు మోగాయి. జాడీ పక్కన ఖొమ్ వక్కాకు నమలడం ఆపి నావైపే చూస్తోంది, ఇంకో పేరు ఉందేమోనన్నట్టు. చివరికి తనూ చప్పట్లు కొట్టింది.

విదేశీ ఆవిడ ఏదో అడిగింది. పిసై నాకు చెప్పింది. "ఇందులోకి రావాల్సినవాళ్ళు ఎవరన్నా మిగిలిపోయారా పెద్దమ్మా? ఎవరన్నా ఉంటే ఇప్పుడైనా చెప్పమంటున్నారు. చేర్చడానికి వీలుందట."

"లేరమ్మా," అన్నాను.

ఫొటో తీశారు. అది తర్వాత ఒక చిన్న పుస్తకంలో అచ్చయింది. ఎన్ని దేశాల బల్లల మీద పడి ఉందో నాకు తెలియదు. మెట్లు దిగుతుంటే ఖొమ్ నా పక్కకు వచ్చింది. 

"బాగా చదివావే. ఎక్కడా ఆగలేదు," అంది. అంతే. ఎగతాళి కాదు. ఆ తర్వాత మా ఇంటి ముందునుంచి నడవడం మానేసి, చెరువు గట్టు చుట్టూ తిరిగి వెళ్ళేది.

వరి పండింది. కుంథియాకు నెలలు నిండాయి. ఒకరోజు పొద్దున్నే మేకులు పీకుతున్న చప్పుడు విని బయటికి వచ్చాను. ఖొమ్ ఇంటి మీద రెత్ కూర్చుని రేకులు ఊడదీస్తున్నాడు. కింద పాత సామాను కొనేవాడి బండి ఆగి ఉంది. ఖొమ్ ఒక్కో రేకూ అందుకుని, మట్టి తుడిచి బండిలో పెడుతోంది. నేను చూడటం రెత్ చూశాడు.

"పెద్దమ్మా, రేకుల లోపలివైపు సంస్థ ముద్ర ఉంది. దానంగా వచ్చినవట," అన్నాడు పైనుంచి. "ఆరోజు మీరు విశేషమేమీ లేదన్నారే?"

 అతను ఇంకో మేకు కింద పట్టుకారు దూర్చాడు. ఆ మధ్యాహ్నమే అతను మెంగ్ దగ్గరకూ, అక్కడినుంచి కమ్యూన్ ఆఫీసుకూ వెళ్ళి అడిగాడట. జాబితా ఊరు దాటి పోయింది, మళ్ళీ లెక్క మూడేళ్ళకే అన్నారట. నేను చేయాల్సిన పని ఆ అబ్బాయి చేశాడు. ఆలస్యమైంది.

తల్లీ కూతురూ పద్దెనిమిది రేకులూ అమ్మి ఆసుపత్రికి వెళ్ళారు. మళ్ళీ కడుపు కోశారు. ఆడపిల్ల, బతికింది. బతికింది కాబట్టే ఇది రాయడానికి కూర్చోగలిగాను.

వాళ్ళు లేని తొమ్మిది రోజుల్లో ఖొమ్ చేను గింజ రాలిపోయేదాకా వచ్చింది. నేను కొడవలి తీసుకుని వెళ్ళి కోశాను. నాలుగు రోజులు పట్టింది. ఎవరూ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. అది చేస్తే కడుపులో బరువు కొంచెమైనా దిగుతుందనుకున్నాను.

వాళ్ళు తిరిగివచ్చేసరికి రెత్, ఇంకో ఇద్దరూ కలిసి ఇంటి మీద తాటాకు కప్పారు. మూడో రోజు తెల్లవారాక ఖొమ్ కొడవలి పట్టుకుని మా చేలోకి వచ్చింది. బాలింత దగ్గర ఉండు, ఎందుకొచ్చావన్నాను.

"నాలుగు రోజులు నాది కోశావటగా. నాలుగు రోజులు నీది కోస్తా," అంది.

మా దగ్గర కోతలు అంతే. నా చేలో నువ్వు ఎన్నాళ్ళు వంగితే నీ చేలో నేను అన్నాళ్ళు వంగాలి. కూలి ఉండదు. కానీ నేను చేసింది ఆ బదులు పని కాదని ఆమెకు ఎలా చెప్పను? మూడు రోజులు ఒకే వరుసలో కోశాం. ఎప్పుడూ పక్కింటివాళ్ళ మీద, మొగుళ్ళ మీద నోరు ఆగని ఖొమ్, ఎండ ఎక్కువగా ఉందనో, నీళ్ళు ఇటివ్వమనో తప్ప మాట్లాడలేదు. నాలుగో రోజు గట్టు మీద అన్నం తింటుండగా నేనే చెప్పాను.

"ఆ కాగితంలో రాయడానికి చోటుంది. రేకులు ఎక్కడివో, అమ్మాయి సంగతేమిటో రాస్తే నీకు కార్డు వచ్చేది. నేను రాయలేదు."

ఖొమ్ ఎండుచేప ముక్క తుంచుతూ ఆగింది. "ఎందుకు రాయలేదు?"

"మెట్ల దగ్గర వాళ్ళంతా చూస్తున్నారు. నాకు గబగబా రాయడం రాదు. నవ్వుతారని."

 తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"అంతేనా?" అంది. "నేను నీకేం తప్పు చేశానా అని వెతుక్కుంటున్నానే ఇన్నాళ్ళూ. ఆసుపత్రిలో పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూడా అదే. బడి మానేసి నీ చదువును ఎగతాళి చేశాననా, మీ ఆయన పోయినప్పుడు సరిగా ఏడవలేదనా... ఏదీ దొరకలేదు."

 ఆమె మిగిలింది తినేసి, గిన్నె కడిగి, కండువా తలకు చుట్టుకుంది.

"ఇంకా రెండు మళ్ళున్నాయి. లే," అంది.

ఆమె ముందు కోసుకుంటూ పోతుంటే నేను వెనక పనలు కట్టుకుంటూ వెళ్ళాను. పొద్దు వాలకముందే చేను అయిపోయింది. ఖొమ్ కొడవలి గడ్డితో తుడిచి నడుముకు దోపుకుని, చెరువు గట్టు వైపే నడిచింది. నాలుగు రోజులకు నాలుగు రోజులూ తీరిపోయాయి. ఆమె నాకేమీ బాకీ లేదు.